చెక్-ఇన్ మధ్యాహ్నం రెండింటికి

ఒక్క రాత్రికి తొమ్మిది వేల ఎనిమిది వందలు.
పన్ను వేరే.
నా చేతిలోంచి ఫోను లాక్కుని
పట్టాభి సున్నాలు మళ్ళీ లెక్కపెట్టాడు.
"నాయన ఏడాది బోనస్సు కూడా
ఇంత ఎప్పుడూ రాలేదు కదక్కా."

పుళియందోపు రైలుకట్ట పక్క మిల్లు
ఇప్పుడు హోటలు.
దూది బేళ్ళు విప్పే షెడ్డులో నీలంగా ఈతకొలను.
బాయిలర్ గదిలో ఒంటికి నూనె పట్టిస్తారట.
పొగగొట్టం మాత్రం అట్లాగే ఉంచారు,
రాత్రిళ్ళు దానికి దీపాలు చుడతారు.

గదులకు పేర్లున్నాయి.
నేత గది, వడుకు గది, అద్దకం గది.
ఫోటోలో నేత గదే బాగుంది, కిటికీ పెద్దది.
అమ్మ కళ్ళజోడు సర్దుకుని సవరించింది:
"మీ నాయన నేత కాదు, వడుకు.
రింగ్ ఫ్రేము. మూడో వరస."
ఆ గదికి వ్యూ లేదు మేడమ్,
అంది ఫోనులో పిల్ల, పాపం, మంచి మనసుతోనే.

చెక్-ఇన్ రెండింటికి.
రెండింటికే కదా రెండో షిఫ్టు సంగు కూసేది.
పేట పేటంతా గడియారాలు దానికే సరిచేసుకునేది.
ఐదు నిమిషాలు ఆలస్యమైతే
అరపూట కూలి కోసేవాళ్ళు.
ఇప్పుడు ముందొస్తే కోస్తారట,
గంటకు వెయ్యి.

అమ్మ లోపలికి ఎన్నడూ పోలేదు.
ఇరవై రెండేళ్ళు
రోజూ గేటుదాకా వెళ్ళి వచ్చింది.
పెద్ద గేటులో ఒక చిన్న తలుపు,
తలుపులోంచి రాగి ఉంగరమున్న ఒక చెయ్యి,
చేతికి కేరియర్.
అంతే, ఆమెకు తెలిసిన మిల్లు.
మిగతాదంతా నాయన ఒంటిమీద ఇంటికొచ్చింది:
కనుబొమల్లో దూది,
చొక్కాలో నూనె వాసన,
చెవుల్లో హోరు.
మా ఇంట్లో రహస్యాలు లేవు.
ఆయనకు ఏది చెప్పినా
ఎదురింటి మరగదం గారికి కూడా చెప్పినట్టే.

తాళం పడ్డ రోజు
కేరియర్ నిండుగా తిరిగొచ్చింది.
లేత వంకాయల పులుసు.
మేం పిల్లలం గిన్నె నాకి నాకి తిన్నాం.
నాయన గోడకేసి తిరిగి పడుకున్నాడు,
ఆ హోరు లేని మధ్యాహ్నం
ఆయనకు నిద్ర పట్టలేదు.

"ఆ చిన్న తలుపు ఉందా, అడుగు."
అడిగాను.
పిల్ల ఎవరినో కనుక్కుని వచ్చింది:
ఉంది మేడమ్, దాని ముందు అందరూ
ఫోటోలు తీసుకుంటారు.
"తెరుచుకుంటుందా, అడుగు."
దానికి మాత్రం జవాబు రాలేదు.

ఫారంలో ఒక ప్రశ్న:
ఏ ఊరి నుంచి వస్తున్నారు?
నడిస్తే పది నిమిషాలు.
వెనక వీధి, మూడో సందు, కొళాయి ఎదురుగా.
పట్టాభి నవ్వి
"చెన్నై అని కొట్టక్కా" అన్నాడు.
కొట్టాను.
దూరప్రాంతపు అతిథులకు విమానాశ్రయానికి
కారు పంపిస్తామని వచ్చింది.

ప్రత్యేక కోరికలు?
పూలు, కేకు, మెత్తటి దిండు,
ఏదైనా ఒకటి ఎంచుకోవాలి.
ఖాళీ గడిలో
రింగ్ ఫ్రేము మూడో వరస అని రాసి
చెరిపేసి
మళ్ళీ రాశాను.

ఈలోగా పెరట్లో అమ్మ
ఇత్తడి కేరియర్ దించి
చింతపండుతో తోముతోంది.
మూతమీద మూడువేల నూట పదిహేడు,
నాయన టోకెన్ నంబరు,
మేకుతో ఆయనే చెక్కుకున్నది.
తోమేకొద్దీ అంకెలు లేస్తున్నాయి.

బయటి తిండి లోపలికి రానివ్వం మేడమ్,
అని ఫోను పెట్టేసే ముందు చెప్పింది ఆ పిల్ల.
ఇంకా ఎవరికీ చెప్పలేదు నేను.

"రెండింటికన్నారు కదా," అంది అమ్మ
తల ఎత్తకుండానే,
"పన్నెండుకల్లా వంటైపోవాల.
పట్టాభీ, వంకాయలు
లేతవి చూసి తే."